టన్ను బరువును మోసే బల్ల: పెద్ద అక్వేరియానికి స్టాండు, క్యాబినెట్ తయారీలో ఇమిడి ఉన్న విజ్ఞానం

గాజు తొట్టెలో తేటగా కనిపించే నీరు చూడటానికి తేలికగా అనిపిస్తుంది. కానీ ఒక్క ఘనపు మీటరు నీరు వెయ్యి కిలోలు తూగుతుంది. బల్లమీద పెట్టుకునే చిన్న చేపల తొట్టెకు ఈ లెక్కతో పనిలేదు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న అక్వేరియాన్ని ఇంట్లో పెట్టుకోవాలనుకునేవారికి మాత్రం లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. అంత పెద్ద తొట్టెకు సరిపడే స్టాండును చాలామంది సొంతంగా చేసుకుంటారు, లేదా దగ్గరుండి చేయించుకుంటారు.

ఈ పనికి జంషెడ్‌పూర్ కంటే అనువైన ఊరు దొరకడం కష్టం. ఇక్కడి కర్మాగారంలో తొలి ఉక్కు దిమ్మె 1912లో తయారైంది. అప్పటి సాక్చీ గ్రామానికి జంషెట్జీ టాటా పేరు మీద 1919లో జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. ఉక్కు పని వెతుక్కుంటూ వచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. నిర్మాణాలకు వాడే చదరపు ఉక్కు గొట్టాలు ఈ ఊళ్లోనే తయారవుతాయి. పక్కనే ఉన్న ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో వెల్డింగ్ పనివారికి కొదవ లేదు. అయితే మంచి ఉక్కు, నేర్పున్న పనివాడు దొరికినంత మాత్రాన స్టాండు మంచిదవ్వదు. బరువు ఎటునుంచి ఎటు ప్రయాణిస్తుందో ముందుగా తెలుసుకోవాలి.

ముందు బరువు లెక్క

ఆరడుగుల తొట్టె కొలతలు సుమారు 183, 61, 61 సెంటీమీటర్లు. మూడింటినీ గుణిస్తే 680 లీటర్లు, అంటే 680 కిలోలు. గాజు మందాన్ని తీసేసి, పై అంచుకు కాస్త దిగువన నీటిని ఆపితే 600 కిలోల లోపే ఉంటుంది. అయినా బరువు మోసే నిర్మాణానికి ఎప్పుడూ పెద్ద అంకెనే తీసుకోవాలి. 12 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది. అడుగుకు, నాలుగు పక్కలకు కలిపి నాలుగు చదరపు మీటర్లకు పైగా గాజు పడుతుంది కాబట్టి మరో 120 కిలోలు కలుస్తాయి. ఇసుక, రాళ్లు నీటిని కొంత పక్కకు నెడతాయి. ఆ మేరకు తీసివేసినా 100 కిలోల వరకు అదనంగా వేసుకోవడం మంచిది. మొత్తం 900 కిలోలు. స్టాండు సొంత బరువు, దాని కింద పెట్టే వడపోత తొట్టె కూడా కలిస్తే టన్ను దాటుతుంది. ఒక చిన్న కారును గోడ పక్కన శాశ్వతంగా నిలిపి ఉంచడంతో సమానమిది.

నేల మోయగలదా?

స్టాండు కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. తొట్టె అడుగు వైశాల్యం 1.1 చదరపు మీటర్లు. 900 కిలోలను దానితో భాగిస్తే చదరపు మీటరుకు 800 కిలోల పైమాటే. నివాస గదుల స్లాబ్‌ను రూపొందించేటప్పుడు మనుషులు, సామాన్ల కోసం చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోల భారం లెక్కవేయాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెబుతుంది. తొట్టె నిలిచిన చోట భారం దానికి నాలుగు రెట్లు.

అంతమాత్రాన స్లాబ్ వెంటనే కూలిపోతుందని కాదు. ప్రమాణంలోని భారం గది మొత్తానికి వర్తించేది, తొట్టె మాత్రం గదిలో ఒక మూలనే ఆక్రమిస్తుంది. పైగా డిజైన్‌లో రక్షణ మార్జిన్ కూడా ఉంటుంది. కానీ అక్వేరియం అతిథిలా వచ్చి వెళ్లే భారం కాదు, ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. కాంక్రీటు మీద భారం ఎడతెగకుండా ఉంటే అది కొద్దికొద్దిగా సాగుతుంది. అందువల్ల మొదట వంగినదానికంటే తర్వాతి కాలంలో మరింత వంగుతుంది.

కింది అంతస్తులో గట్టిగా దిమ్మిసా చేసిన నేల ఉంటే సమస్య తక్కువ. మేడ మీద అయితే గది నడుమన కాకుండా, కింద దూలం గాని బరువు మోసే గోడ గాని ఉన్న చోట, దానికి ఆనుకునేలా తొట్టెను పెట్టాలి. ఆధారానికి దగ్గరగా ఉన్న భారం స్లాబ్‌ను తక్కువగా వంచుతుంది. బాల్కనీలాంటి ముందుకు పొడుచుకువచ్చిన స్లాబ్‌ల మీద ఇంత తొట్టె పెట్టకూడదు. ఇల్లు పాతదైనా, స్లాబ్‌లో పగుళ్లు, తుప్పు మరకలు కనిపించినా స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి చెప్పేదాకా ఆగాలి.

బలం వేరు, బిగువు వేరు

స్టాండు అనగానే అందరి దృష్టీ కాళ్ల మీదే ఉంటుంది. నిజానికి కాళ్లకు పెద్ద పరీక్షే లేదు. 50 మిల్లీమీటర్ల భుజం, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న చదరపు ఉక్కు గొట్టాన్ని తీసుకుందాం. రెండున్నర అడుగుల లోపు ఎత్తున్న ఒక్కో కాలు, నిటారుగా ఉన్నంతవరకు, పది టన్నులకు పైగా నొక్కుడు తట్టుకోగలదు. అసలు పరీక్ష కాళ్లను కలిపే పై కమ్మీలకు.

తొట్టె ముందు ఒకటి, వెనుక ఒకటిగా రెండు పొడవాటి కమ్మీలు ఉంటాయి. ఒక్కోదాని మీద 450 కిలోలు పడతాయి. నాలుగు మూలల్లోనే కాళ్లు ఉంటే ఆ గొట్టం నడుమ దాదాపు 9 మిల్లీమీటర్లు కిందికి వంగుతుంది. లోహంలో పుట్టే ప్రతిబలం మాత్రం 126 మెగాపాస్కల్స్ దగ్గరే ఆగుతుంది. మామూలు నిర్మాణ ఉక్కు శాశ్వతంగా వంగిపోయేది 250 మెగాపాస్కల్స్ దగ్గర. అంటే కమ్మీకి ఏ ప్రమాదమూ లేదు, ప్రమాదమంతా పైనున్న గాజుకే. గాజు సాగదు. అడుగున ఆసరా సమంగా లేకపోతే ఆ వంపును అతుకుల్లోని సిలికోన్, అడుగు గాజు భరించాలి. ఒక రాత్రివేళ పగులు వచ్చిందంటే ఆరువందల లీటర్ల నీరు గదిలోకి వస్తుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. మరింత మేలురకం, ఎక్కువ బలమున్న ఉక్కు కొంటే వంపు తగ్గుతుందనుకుంటారు. ఎంత వంగుతుందన్నది యంగ్ గుణకం మీద ఆధారపడుతుంది. నిర్మాణాలకు వాడే ఉక్కు ఏ రకమైనా ఈ గుణకం సుమారు 200 గిగాపాస్కల్స్ వద్దే ఉంటుంది. కాబట్టి ఖరీదైన ఉక్కు విరగడానికి ఎక్కువ బరువు కోరుతుందే తప్ప, అదే బరువు కింద అంతే వంగుతుంది.

వంపును తగ్గించే మార్గాలు రెండు. మొదటిది కమ్మీ లోతు పెంచడం. చెక్క పలకను పడుకోబెడితే సులభంగా వంగుతుంది, అంచు మీద నిలబెడితే వంగదు. దీర్ఘచతురస్రపు చెక్క బద్దలో లోతు రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. రెండోది, దానికంటే చవకైనది, ఆధారాల మధ్య దూరం తగ్గించడం. సమానంగా పరచుకున్న భారం కింద వంపు ఆ దూరపు నాలుగో ఘాతాన్ని అనుసరించి మారుతుంది. ముందు, వెనుక నడుమ ఒక్కో కాలు చేర్చి ఆరు కాళ్లు చేస్తే పైన చెప్పిన 9 మిల్లీమీటర్ల వంపు పావు మిల్లీమీటరుకు దిగుతుంది.

దీనికి ఒక మూల్యం ఉంది. కమ్మీ ఏకఖండంగా ఉన్నప్పుడు నడిమి కాలే బరువులో అరవై శాతానికి పైగా, అంటే సుమారు 280 కిలోలు మోస్తుంది. గొట్టం మొనను అలాగే టైల్ మీద ఆనిస్తే భారమంతా అయిదారు చదరపు సెంటీమీటర్ల అంచు మీద పడుతుంది. టైల్ పగలడానికి అది చాలు. కాళ్ల కింద పొడవునా మరో కమ్మీ వెల్డింగ్ చేస్తే భారం పరచుకుంటుంది. ఆ కమ్మీకీ నేలకూ మధ్య ఖాళీలు లేకుండా చూసుకోవాలి.

పక్కకు ఒరగకుండా

నాలుగు కర్రలను మేకులతో చతురస్రంగా బిగించి పక్కకు తోస్తే అది ఏటవాలుగా ఒరుగుతుంది. త్రిభుజం మాత్రం ఒరగదు. కిందికి నొక్కే బరువును చక్కగా మోసే స్టాండు కూడా, ఎవరైనా ఆనుకున్నప్పుడో పిల్లలు ఊపినప్పుడో, ఈ బలహీనత వల్లే కూలుతుంది. వెనుక వైపు, రెండు పక్కలా ఏటవాలు కమ్మీ వేయాలి. లేదా 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకను అంచుల వెంట దగ్గర దగ్గరగా స్క్రూలతో బిగించాలి. అలా బిగించిన పలక మొత్తం త్రిభుజంలాగే పనిచేస్తుంది. ముందు వైపు తలుపుల కోసం ఖాళీ వదలాలి కాబట్టి మిగిలిన మూడు వైపులా ఈ పని తప్పనిసరి.

చెక్కతోనే స్టాండు కట్టేవారికి సూత్రం ఒక్కటే: బరువు చెక్క మీదుగా చెక్కలోకి దిగాలి, స్క్రూల మీద వేలాడకూడదు. పై కమ్మీ కాలి పక్కన కాకుండా కాలి తల మీద కూర్చోవాలి. జార్ఖండ్ రాష్ట్ర వృక్షమైన సాల వృక్షపు కలప గట్టిదే. అయితే ఏ కలపైనా పూర్తిగా ఆరినదై ఉండాలి. పచ్చి కలప ఆరుతూ అడ్డంగా కుదించుకుపోతుంది, నిలువునా దాదాపు మారదు. ఆ తేడా వల్లే బల్లలు మెలితిరుగుతాయి.

తుప్పుతో పోరు

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. అక్వేరియం క్యాబినెట్‌లో ఈ రెండింటికీ కొరత ఉండదు. ఉప్పునీటి తొట్టె అయితే ఉప్పు విద్యుత్ ప్రవాహానికి దారి ఇచ్చి ఈ చర్యను మరింత వేగవంతం చేస్తుంది. లోహాల క్షయాన్ని అధ్యయనం చేసే సంస్థల్లో ఒకటైన జాతీయ లోహ పరిశోధనశాల జంషెడ్‌పూర్‌లోనే ఉంది. దాన్ని 1950 నవంబరు 26న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు.

పూత ఎలా కాపాడుతుందో తెలుసుకోవడానికి ఊళ్లోని గోల్‌మురి ఉదాహరణ చాలు. 1920లో ఏర్పడిన టిన్‌ప్లేట్ కంపెనీ ఉక్కు రేకుల మీద తగరం పూత పూసేది ఇక్కడే. తగరం ఉక్కుకు గాలి, నీరు తగలకుండా అడ్డుగోడలా నిలుస్తుంది. గీత పడితే మాత్రం తడిగాలిలో ఆ గీత వద్ద ఉక్కే ముందు తినబడుతుంది. జింకు తీరు వేరు. గీత పడినా తానే ముందు కరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. అందుకే స్టాండుకు జింకు ఎక్కువగా ఉన్న ప్రైమరు, దాని మీద రెండు చేతుల ఎపాక్సీ రంగు మేలు. వెల్డింగ్ అతుకుల మీది మడ్డిని గీకి శుభ్రం చేశాకే రంగు వేయాలి. గొట్టాల మొనలను మూసేయకపోతే లోపలికి చేరిన తేమ బయటికి కనిపించకుండా తినేస్తుంది. జింకు పూత ఉన్న గొట్టాన్ని వెల్డింగ్ చేసేటప్పుడు వచ్చే తెల్లటి పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి. అతుకు దగ్గర పూతను ముందే తీసేసి, ఆరుబయట పని చేయాలి.

క్యాబినెట్ బరువు మోయదు

ఉక్కు చట్రం చుట్టూ అమర్చే క్యాబినెట్ అలంకారానికి, శబ్దం తగ్గించడానికి ఉపయోగపడుతుంది. చెక్కపొట్టుతో చేసిన చవక బోర్డులు ఒక్కసారి తడిస్తే ఉబ్బి, మళ్లీ మామూలు స్థితికి రావు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తడిని తట్టుకుంటుంది. కానీ దాని కోసిన అంచులను కూడా రంగుతోనో సిలికోన్‌తోనో మూయాలి. వెనుక పలకలో పైన, కింద గాలి రంధ్రాలు ఉంచాలి. తలుపు ఖాళీ వడపోత తొట్టె బయటికి వచ్చేంత వెడల్పు ఉండాలి. లేకపోతే దాన్ని బయటికి తీయాలంటే పైతొట్టెను ఖాళీ చేయాల్సి వస్తుంది.

విద్యుత్ ప్లగ్గులను నీటి మార్గానికి పక్కగా, ఎత్తులో బిగించాలి. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి రావాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క ప్లగ్గులోకి వెళ్లకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి, ఉక్కు చట్రానికి ఎర్తింగ్ ఇవ్వాలి.

చేపలకు ముందు పరీక్ష

స్టాండును దాని చోట నిలిపాక రసమట్టంతో పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకు చూడాలి. తేడాలుంటే పైన చెక్కముక్కలు పెట్టడం కాదు, స్టాండు కిందే సరిచేయాలి. పై చట్రం మీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక, దాని మీద 10 మిల్లీమీటర్ల థర్మాకోల్ లేదా ఫోమ్ పరచాలి. ఇసుక రేణువంత ఎత్తుపల్లం ఉన్నా అది అణగి, గాజుకు అంతటా ఆసరా ఇస్తుంది. అడుగున ప్లాస్టిక్ చట్రం ఉన్న తొట్టెలకు మాత్రం ఆ చట్రపు అంచులే ఆసరా కాబట్టి ఫోమ్ వేయకూడదు.

తర్వాత నీటిని నాలుగు విడతల్లో నింపాలి. ప్రతి విడతకూ ఆగి రసమట్టం చూడాలి. ముందు కమ్మీ ఈ చివర నుంచి ఆ చివరకు దారం బిగించి కడితే నడుమ ఎంత వంగిందో తెలుస్తుంది. నీటి అంచు నుంచి గాజు పై అంచుకు నాలుగు మూలల్లో దూరం కొలిస్తే వాలు బయటపడుతుంది. నిండిన తొట్టెలో ముందు గాజు ఒక్కదాని మీదే దాదాపు 330 కిలోల బరువుకు సమానమైన బలం బయటికి నెడుతుంటుంది. ఏ మూలైనా దిగుతున్నట్టు కనిపిస్తే నీటిని తీసేసి సరిచేయాలి. నిండుగా ఉన్న తొట్టెను ఎత్తడం గాని జరపడం గాని ఎన్నడూ చేయకూడదు. రెండు రోజుల పాటు కొలతలు మారకుండా, కింద తడి కనిపించకుండా ఉంటే అప్పుడు ఇసుక, మొక్కల పని మొదలుపెట్టవచ్చు. చేపల వంతు నీరు కుదురుకున్న తర్వాతే.