సుగ్గికి పోయే సంచిలో కప్పు

సంక్రాంతి పండగ అయిపోతే మా గోనెగండ్లలో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి జనం బయల్దేరతారు. మావైపు దీన్ని 'సుగ్గికి పోవడం' అంటాం. బియ్యం, బ్యాళ్లు, దుప్పట్లు, వంట సామాను, చంటిపిల్లలు, అన్నీ ఒకే బొలేరోలో. అక్కడ రెండు నెలలు, ఒక్కోసారి మూడు నెలలు చేను పక్కనే పట్ట కప్పిన గుడిసెలో కాపురం. మా అమ్మ, అన్న, వదిన ఏటా పోతారు. నేను ఆదోనిలో డిగ్రీ చదువుతున్నాను కాబట్టి ఇంటికాడే ఉంటాను.

దీపావళి అయిన వారంలో మా వదిన నన్ను పక్కకు పిలిచి అడిగింది: "మే, నువ్వు పెట్టుకునేది సుగ్గికి తీస్కపోతే పనికొస్తాదా?"

నేను వాడేది మెన్‌స్ట్రువల్ కప్. మా ఇంట్లో దాని పేరు 'ఆ గిన్నె'. "ఎందుకు పనికిరాదు? 12 గంటలు చూసుకునే పనే లేదు" అని టక్కున అనేశాను. తొందరపడ్డానని తర్వాత తెలిసింది.

ముందు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది గంట ఆకారంలో ఉండే మెత్తని సిలికాన్ గిన్నె. మడిచి లోపల పెట్టుకుంటే విచ్చుకుని అతుక్కుంటుంది. ప్యాడ్‌లా రక్తాన్ని పీల్చదు, పట్టి ఉంచుతుంది. తీసి పారబోసి, కడిగి మళ్లీ పెట్టుకోవడమే. కొత్తదేం కాదు. లియోనా చామర్స్ అనే అమెరికా నటి 1937లోనే పేటెంట్ తీసుకుంది. కానీ మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూస్తే 15-24 ఏళ్ల ఆడపిల్లల్లో కప్పు వాడేవాళ్లు 0.3 శాతం. అంటే వెయ్యికి ముగ్గురు. ఎమ్మిగనూరులో నేనడిగిన మందుల షాపులో "కప్పా? టీ కప్పా?" అన్నారు. అందుకే మనలాంటోళ్లకు దిక్కు ఫోన్‌లో ఆర్డరే, చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

నా మొదటి కప్పు 199 రూపాయలది. డబ్బా మీద కంపెనీ అడ్రస్ లేదు, 'ఎఫ్‌డీఏ అప్రూవ్డ్' అని మాత్రం పెద్దక్షరాల్లో ఉంది. తర్వాత చదివితే తెలిసింది, అమెరికా ఎఫ్‌డీఏ దగ్గర పేరు నమోదు చేసుకోవడం వేరు, వాళ్లు పరీక్షించి ఒప్పుకోవడం వేరు. నమోదును చూపించి 'అప్రూవ్డ్' అని రాసుకుంటారు. ఉడకబెడితే రబ్బరు వాసన కొట్టింది. మరీ మెత్తన, లోపల సరిగ్గా విచ్చుకోలేదు. ఆదోని బస్సులో నిలబడి ఉండగా కారింది. ఆ రోజు చున్నీ నడుముకు కట్టుకుని ఇల్లు చేరాను. ఇక కప్పు జోలికే పోవద్దనుకున్నా. నాలుగు నెలలు పోలేదు కూడా.

కప్పులన్నీ ఒకటే అనుకోవడమే నేను చేసిన తప్పు. రివ్యూల్లో ఐదు చుక్కలు చూసి కొన్నాను, నా ఒంటిని చూసి కొనలేదు. రెండోసారి కొనేముందు మాత్రం కాస్త చదువుకున్నాను.

అన్నిటికంటే ముందు చూడాల్సింది పొడవు. దీని గురించి డబ్బాల మీద పెద్దగా ఉండదు. నెలసరి రోజుల్లో చేతులు శుభ్రంగా కడుక్కుని వేలితో లోపల గర్భసంచి మూతి ఎంత దూరంలో ఉందో చూసుకోవాలి. ముక్కు కొసలా కొంచెం గట్టిగా తగులుతుంది. వేలి మొదటి కణుపుకే తగిలితే పొట్టి కప్పు కావాలి, లేకపోతే తోక బయటికి గుచ్చుకుంటుంది. వేలంతా పోయినా అందకపోతే పొడుగుది మేలు, లేకపోతే తీసేటప్పుడు చేతికి చిక్కక చెమటలు పడతాయి. నాది మధ్యరకం. ఈ ఒక్క కొలత తెలియకుండా ఎంత ఖరీదైనది కొన్నా అది లాటరీ టికెట్టే.

తర్వాత మెత్తదనం. గట్టిగా ఉండే కప్పు లోపల 'టప్'మని తెరుచుకుంటుంది, బరువు పనులు చేసేవాళ్లకు జారదు. కానీ కొందరికి మూత్రాశయం మీద ఒత్తి, మాటిమాటికీ ఒంటికి పోవాలనిపిస్తుంది. మెత్తనిది సుఖంగా ఉంటుంది కానీ తెరుచుకోవడానికి మొండికేస్తుంది. మొదటిసారి వాడేవాళ్లకు మధ్యరకమే మంచిదని నా అనుభవం.

సైజులకొస్తే చాలా కంపెనీలు 'కాన్పు కానివాళ్లకు చిన్నది, అయినవాళ్లకు పెద్దది' అంటాయి. అది ఉజ్జాయింపు మాత్రమే. చిన్నవాటిలో దాదాపు 15-25 మి.లీ. పడుతుంది, పెద్దవాటిలో 25-35. రక్తం ఎక్కువ పోయే పెళ్లికాని పిల్లకు చిన్నది చాలకపోవచ్చు.

తోకల్లో కడ్డీలాంటిది, గుండులాంటిది, ఉంగరంలాంటిది ఉంటాయి. బెంగళూరుకు చెందిన అసన్ కప్పుకు ఉంగరం ఉంటుంది, వేలు దూర్చి పట్టుకోవచ్చు. సిరోనా, పీ సేఫ్ లాంటివి ఆన్‌లైన్‌లో సులభంగా దొరుకుతాయి. ప్రభుత్వరంగ హెచ్ఎల్ఎల్ సంస్థ కేరళలో 'తింగళ్' పేరుతో కప్పులు పంచింది. ఎర్నాకుళం జిల్లాలోని కుంబళంగి ఊరికి ఊరే 2022 జనవరిలో ప్యాడ్లు మానేసే పంచాయతీగా ప్రకటించుకుంది. మన దగ్గర 2021 అక్టోబరులో మొదలైన 'స్వేచ్ఛ' పథకం బడిపిల్లలకు నెలకు 10 ప్యాడ్లు ఇచ్చేది. మంచిదే. కానీ బడిలో ఇచ్చేవి బడికి పోతేనే కదా చేతికొచ్చేది. అమ్మానాన్నలతో సుగ్గికి పోయిన పిల్ల సంగతేంది?

వదిన ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తా.

ఆమెను కూర్చోబెట్టి అక్కడ రోజు ఎట్లా గడుస్తుందో అడిగాను. నేను ఎన్నడూ అడగనే లేదు, సిగ్గుగా అనిపించింది. తెల్లారకముందే లేచి చీకట్లోనే బయటికి పోయి వస్తారు. పొద్దుగూకేదాకా మిరప చేన్లోనే. నీళ్లు డ్రమ్ముల్లో వస్తాయి, తాగడానికీ వంటకే సరి. మధ్యాహ్నం గుడ్డ మార్చుకోవాలంటే చుట్టూ మనుషులే, చాటు ఉండదు. తడిసిన గుడ్డతోనే సాయంత్రం దాకా వంగి కోయాలి. తొడలు ఒరుసుకుని పుండ్లు పడతాయి. వాడిన ప్యాడ్లు పారేసే చోటు లేక కవర్లో చుట్టి గుడిసెలోనే దాచి, చీకటి పడ్డాక గుంత తీసి పూడ్చిపెడతారు.

ఇదంతా విని కప్పుకు ఇంతకన్నా మంచి చోటు లేదనుకున్నా. పొద్దున ఐదుకు పెట్టుకుంటే సాయంత్రం ఐదు దాకా పన్లేదు. కడగడానికి చెంబెడు నీళ్లు చాలు. అప్పుడు మా అమ్మ పొయ్యి దగ్గర నుంచే ఒక మాటంది.

"మిరపకాయలు కోసిన చేతులతోనా మే?"

నేను చదివిన ఏ గైడులోనూ ఈ మాట లేదు. మిరప ఘాటు నీళ్లతో పోదు, సబ్బు ఒక్కదానితోనూ పూర్తిగా పోదు. ఆ చేత్తో కన్ను నలుపుకుంటేనే గంట సేపు ఏడుస్తాం. ఆ ఘాటు నూనెలో కరుగుతుంది. కాబట్టి ముందు కొబ్బరినూనో వంటనూనో గోళ్ల సందుల దాకా రుద్దుకోవాలి, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగాలి, గోళ్లు కురచగా ఉండాలి. మధ్యాహ్నం చేన్లో తీసి పెట్టుకోవడం మాత్రం కుదరదు. అంటే వదినకు కావాల్సింది 12 గంటలు నిండకుండా నిలిచే కప్పు, తడబడకుండా చేతికందే తోక. అట్లా చూసి 30 మి.లీ. పట్టే, ఉంగరం తోక ఉన్నది తెప్పించాను.

డబ్బా విప్పకముందే ఇంకో సంగతి బయటపడింది. రెండో కాన్పు అయినప్పుడు ఆస్పత్రిలో వదినకు కాపర్-టీ వేశారు. ఆమె దృష్టిలో అదసలు చెప్పాల్సిన విషయమే కాదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కాపర్-టీ దారాలు గర్భసంచి మూతి నుంచి కిందికి వేలాడుతుంటాయి. కప్పు తీసేటప్పుడు అడుగు నొక్కి గాలి పోనివ్వకుండా లాగినా, ఆ దారం వేళ్లకు చిక్కినా కాపర్-టీ జారిపోవచ్చు. కప్పు వాడేవాళ్లలో అది జారిపోవడం ఎక్కువని చెప్పిన అధ్యయనాలు ఉన్నాయి. ఆదోనిలో లేడీ డాక్టర్ దగ్గరికి పోయాం. అసలు వద్దని ఆమె అనలేదు. గాలి తీసి, నెమ్మదిగా, వెలుతురులో తీసుకోగలిగితే, నెలనెలా దారాలు చూసుకోగలిగితే వాడొచ్చంది. "నువ్వుండేది గుడిసెలో, చీకట్లో తీస్తావు. ఈ ఏడు వద్దులేమ్మా" అని కూడా అంది. అది జారిపోయినట్టు తెలియకపోతే మూడో కడుపు వస్తుంది కదా. వదిన తిరుగు బస్సులో మాట్లాడలేదు. నాకూ మాట రాలేదు. ఆమె ఈసారికి జన ఔషధి షాపులో రూపాయికొకటి దొరికే సువిధ ప్యాడ్లే తీసుకుంది.

సీలు విప్పని కప్పు గూట్లోనే ఉంది. ఒకరు వాడింది ఇంకొకరు వాడకూడదు, కానీ ఇది కొత్తదే. రెండు రోజులు చూసి మా అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. "నాకు ఆపరేషన్ అయింది కదా, నాకేమన్నా అడ్డమా?"

అడ్డం లేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కూ కప్పుకూ సంబంధమే లేదు. ఇన్నాళ్లూ నేను కప్పంటే చదువుకున్న పిల్లలదే అనుకున్నా. 43 ఏళ్ల మా అమ్మ నా లెక్కలోనే లేదు.

మొదటి నెల తలుపేసుకుని అరగంట తిట్టింది, నన్నూ, దాన్ని కనిపెట్టినదాన్నీ. రెండో నెలకు అంచును వేలితో లోపలికి నొక్కే మడత కుదిరింది. అందరికీ ఇంతే. లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రిక 2019లో 43 అధ్యయనాలను కలిపి చూసింది. కారడం ప్యాడ్లతో సమానమో తక్కువో అని తేలింది, అలవాటు పడటానికి మాత్రం కొన్ని నెలలు పడుతుందట. అందుకే సుగ్గికో, పరీక్షలకో, పెళ్లికో పోతూ మొదటిసారి పెట్టుకోకండి. ఇంటికాడ రెండు మూడు నెలలు చూసుకోండి. నెలసరికి ముందూ తర్వాతా ఐదు నుంచి పది నిమిషాలు ఉడకబెట్టాలి. మా బోరు నీళ్లలో ఉడికిస్తే తెల్లగా పొర కడుతుంది, అందుకే నేను క్యాన్ నీళ్లు వాడతాను. గిన్నె అడుగు తగిలి మాడకుండా టీ వడకట్టే స్టీలు జల్లెడలో పెట్టి ముంచుతాను. చేతులు కడగకుండా ముట్టుకోవద్దు, కంపెనీ చెప్పిన గంటలు దాటించొద్దు. టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే ఇన్ఫెక్షన్ చాలా అరుదు, కానీ ప్రాణాల మీదికి తెస్తుంది. జ్వరం, వాంతులు, ఒంటి మీద దద్దుర్లు వస్తే కప్పు తీసేసి వెంటనే ఆస్పత్రికి పోవాలి.

పెళ్లికానివాళ్లు అడిగేది ఇంకొకటుంది, కన్నెపొర గురించి. అది సాగే పొర, కప్పుతో సాగొచ్చు, చిరగనూ వచ్చు. సైకిల్ తొక్కినా, ఆటలాడినా అంతే. దాన్ని చూసి ఎవరి శీలమూ చెప్పలేరు. ఇంట్లో ఈ మాట అనడం కష్టమే, నేనూ మా అమ్మకు రెండేళ్ల తర్వాతే చెప్పాను.

కప్పు మీద మి.లీ. గీతలుంటాయి. రెండో నెల రెండో రోజు మధ్యాహ్నానికే అమ్మకు 25 గీత దాటింది. మొత్తం కలిపితే 110 దాకా వచ్చింది. 80 మి.లీ. దాటితే డాక్టర్లు ఎక్కువ రక్తస్రావం అంటారు. ఏళ్లుగా "నాకు కొంచెం ఎక్కువే" అంటూ వచ్చింది గానీ గుడ్డల్లో కొలత ఎవరికి తెలుస్తుంది? పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.6. ఐరన్ మాత్రలు ఇచ్చారు, స్కాన్ రాశారు. "సుగ్గి నుంచి వచ్చినాక చూస్తాంలే" అంది. నేను మాత్రం ఊరుకోలేదు, అన్నతో గొడవపడి బొలేరో ఎక్కే నాలుగు రోజుల ముందు ఆదోనిలో చేయించాను. గర్భసంచిలో చిన్న గడ్డ ఉందట, భయం లేదు, మూడు నెలలకు మళ్లీ రమ్మన్నారు. కప్పు వాడొచ్చా అని అడిగితే వాడుకోమన్నారు. రక్తం ఎక్కువ పోయే రెండో రోజు మాత్రం కప్పుతో పాటు ప్యాడ్ కూడా పెట్టుకోవాలని అమ్మ తనే అనుకుంది.

సంచిలో బియ్యం మూట పక్కన చిన్న స్టీలు డబ్బా, అందులో కప్పు. పక్కనే సబ్బు, కొబ్బరినూనె సీసా.

ఫిబ్రవరి చివర్లో అమ్మ ఫోన్ చేసింది. పిల్లోళ్ల దగ్గు, కిలోకు ఎంతిస్తున్నారు, వదిన కాళ్ల నొప్పులు, అన్నీ చెప్పింది. కప్పు ఊసే లేదు. నేనే ఆగలేక అడిగాను.

"అది బాగనే ఉంది మే" అంది. "నూనె సీసానే అయిపాయ. పక్క గుడిసె ఆమె కూడా అడుగుతాంది, అది ఎంతైతాదని. ముందు ఏం అడగల్ల ఆమెను?"

"కాపర్-టీ ఉందేమో అడుగు మా" అన్నాను.