తొలకరికి ముందే ట్రాక్టరు టైర్లు చూసుకోండి
కొత్తవా, రీబటనా? ధర ఒక్కటే కాదు, గంటకు పడే ఖర్చు చూడాలి

రోహిణి కార్తె వచ్చిందంటే రైతు చూపంతా విత్తనం మీద, ఎరువు మీద ఉంటుంది. ట్రాక్టరు ఉన్నవాళ్లు ఇంజన్ ఆయిలు మార్పిస్తారు, గొర్రు కర్రులు సాన పట్టిస్తారు. టైర్ల సంగతి మాత్రం బండి దమ్ములో దిగబడ్డాకే గుర్తుకొస్తుంది. కాలువకు నీళ్లు వచ్చాక, నారు నాటుకు సిద్ధమయ్యాక ట్రాక్టరు నాలుగు రోజులు మూలన పడితే ఆ నష్టం టైరు ధరతో పోదు. నారు ముదిరితే పిలకలు తగ్గుతాయి. బాడుగ దమ్ములు ఒప్పుకున్నవారికి ఆ బేరాలూ చేజారతాయి. కాబట్టి టైర్ల నిర్ణయం తొలకరికి ముందే జరగాలి.

ఎండు నేల మోసం చేస్తుంది

ఎండాకాలం గట్టి నేల మీద, రోడ్డు మీద బటన్ అరిగిన టైరు కూడా బాగానే లాగుతుంది. అది చూసి ఇంకో ఏడాది వస్తాయిలే అనుకుంటాం. తడి నేలలో సంగతి వేరు. బటన్ మట్టిలో దిగి పట్టు దొరికితేనే బండి ముందుకు పోతుంది. ముఖ్యంగా నల్లరేగడిలో బటన్ల మధ్య మట్టి నిండిపోతే టైరు నున్నటి రోలరులా తిరుగుతుంది.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. వేసవి వాన ఒకటి పడి పదును వచ్చాక వెనుక టైరు మీద సుద్దతో గీత గీయండి. నాగలి ఎత్తి, చక్రం 10 చుట్లు తిరిగేసరికి బండి ఎంత దూరం పోయిందో కొలవండి. తర్వాత నాగలి దించి, అదే గేరులో మళ్లీ 10 చుట్లకు కొలవండి. మొదటిసారి 130 అడుగులు, రెండోసారి 110 అడుగులు వస్తే చక్రం సుమారు 15 శాతం జారుతున్నట్టు. 10 నుంచి 15 శాతం వరకు మామూలే. 20 దాటితే డీజిలూ వృథా, టైరూ వృథా.

జారుడు ఎక్కువగా ఉందని వెంటనే టైర్ల కొట్టుకు పరుగెత్తనక్కర్లేదు. ముందు గాలి సరిచూడండి. వెనుక టైర్లలో నీళ్లు పోయించి చూడండి. వాల్వు పైకి ఉంచి నీళ్లు పోస్తే ట్యూబు ముప్పాతిక వంతు నిండుతుంది. ఆ బరువుతో పట్టు పెరుగుతుంది. అప్పటికీ జారుతుంటే బటన్ పని అయిపోయిందని అర్థం.

టైరు మీది అంకెలు చదవండి

35 నుంచి 45 హెచ్‌పీ ట్రాక్టర్లకు వెనుక ఎక్కువగా 13.6-28 సైజు ఉంటుంది. 13.6 అంటే టైరు వెడల్పు అంగుళాల్లో. 28 అంటే రిమ్ము వ్యాసం, అదీ అంగుళాల్లోనే. పక్కన 12 పీఆర్ అని ఉంటే లోపల 12 పొరలున్నాయని కాదు, అంత బలం ఉందని. ట్రక్కు బరువు లాగే బండికి పాతదానికంటే తక్కువ పీఆర్ టైరు కొనవద్దు.

తయారైన తేదీ కూడా టైరు మీదే నాలుగు అంకెల్లో ఉంటుంది. 1425 అని ఉంటే 2025లో 14వ వారం తయారైందని లెక్క. ఏళ్ల తరబడి ఎండ తగిలే చోట పడి ఉన్న రబ్బరు గట్టిపడి బీటలిస్తుంది. సరుకు రెండేళ్లకు పైబడినదైతే వేరేది చూపించమని అడగండి.

విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, మండల కేంద్రంలో కొన్నా బిల్లు తీసుకోండి. ట్రాక్టరు టైర్లు, ట్యూబుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కలపకముందు 20,000 రూపాయలుండే టైరు మీద ఇది 2,600 రూపాయల తేడా. బిల్లు లేకపోతే టైరు ఉబ్బినా, పగిలినా కంపెనీని అడిగే దారి ఉండదు.

రీబటన్ ఎప్పుడు లాభం?

రీబటన్ అంటే చులకన అక్కర్లేదు. పాత టైరు ఒళ్లు గట్టిగా ఉంటే రీబటన్ మంచి పనే. టైరు విప్పించి లోపలా బయటా చూడండి. దారాలు కనబడేంత కోత, సైడులో ఉబ్బు, లోతైన బీటలు, రిమ్ములో కూర్చునే అంచు దగ్గర వైరు తేలడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా దాన్ని వదిలేయండి. మీ సొంత టైరుకే రీబటన్ వేయించండి. ఎవరి టైరో తెలియని తయారు సరుకు లోపల ఎన్ని మాసికలు ఉన్నాయో పైకి కనబడదు. ముందు టైర్లకు మాత్రం రీబటన్ వద్దు. స్టీరింగు వాటి మీదే ఆధారపడి ఉంటుంది, రోడ్డు మీద పగిలితే ప్రాణాపాయం.

లెక్క ఇలా వేసుకోండి. ఇవి ఉదాహరణకు చెప్పే అంకెలే, మీ ఊరి ధరలు పెట్టుకుని చూడండి. కొత్త జత 45,000 రూపాయలు, 3,000 గంటలు వస్తే గంటకు 15 రూపాయలు. రీబటన్ జత 18,000, 1,500 గంటలు వస్తే గంటకు 12 రూపాయలు. అదే రీబటన్ 800 గంటలకే ఊడిపోతే గంటకు 22 రూపాయల 50 పైసలు. పాత టైరు ఒళ్లు ఎంత గట్టిదన్న దాని మీదే లాభనష్టాలు తేలతాయి. గంటలు మీటరులో ఉంటాయి కనుక టైరు వేసిన రోజు అంకె రాసి పెట్టుకోండి.

బిగించేటప్పుడు

వెనుక టైర్లు జతగా మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది అయితే బండి ఒక పక్కకు లాగుతుంది. సైడు మీది బాణం గుర్తు బండి ముందుకు నడిచే దిక్కుకు ఉండాలి. తిరగేసి బిగిస్తే బటన్ల మధ్య మట్టి బయటకు పోదు. టైరు అంచుకు సబ్బునీళ్లు రాసి ఎక్కించాలి. అంచు కూర్చోలేదని గాలి 35 పౌండ్లు దాటించవద్దు, గాలి కొట్టేటప్పుడు టైరుకు ఎదురుగా నిలబడవద్దు.

ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరుకు కంపెనీ చెప్పిన సైజులే వేయాలి. ముందు, వెనుక చక్రాలు గేర్లతో ముడిపడి ఉంటాయి. సైజు తేడా వస్తే ఆ ఒత్తిడి గేర్ల మీద పడుతుంది. రోడ్డెక్కగానే ముందు చక్రాల డ్రైవ్ తీసేయడం మరిచిపోవద్దు.

వెనుక టైరుకు దుక్కిలో 12 నుంచి 14 పౌండ్ల గాలి సరిపోతుంది. ట్రక్కు లాగేటప్పుడు కంపెనీ పుస్తకంలో ఉన్నంత పెంచాలి. దమ్ము చక్రాలు బిగించే ముందు వాటి అంచులు, బోల్టులు టైరు సైడుకు రాసుకోకుండా చూసుకోండి.

చేతిలో డబ్బు తక్కువగా ఉంటే వరస ఇది. దారాలు తేలిన టైరు, ఉబ్బిన టైరు ఏదైనా ముందు మార్చాలి. తర్వాత బోడైన ముందు టైర్లు. ఆ తర్వాత వెనుక జత, ఒళ్లు గట్టిగా ఉంటే రీబటన్, లేకుంటే కొత్తవి. మృగశిర వచ్చాక రీబటన్ షాపుల దగ్గర వరస కట్టాల్సి వస్తుంది. టైర్లు విప్పే పని ఈ వారమే పెట్టుకోండి.