విండోస్ ఎక్స్‌పీ రిజిస్ట్రీ పునరుద్ధరణ

విండోస్ ఎక్స్‌పీ రిజిస్ట్రీ పునరుద్ధరణ అనగా రిజిస్ట్రీ ఫైళ్ళు పాడైనందున మొదలుకాని కంప్యూటరును, హార్డు డిస్కును ఫార్మాటు చేయకుండా తిరిగి పనిచేయించే పద్ధతి. మైక్రోసాఫ్ట్ సంస్థ 2001 అక్టోబరు 25న విడుదల చేసిన ఈ ఆపరేటింగ్ సిస్టమునకు పొడిగించిన మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసినది. పాత కంప్యూటర్లలో మిగిలియున్న సమాచారమును బయటకు తీయుటకు ఈ పద్ధతి నేటికీ ఉపయోగపడును.

లోపం కనిపించే తీరు

కంప్యూటరు ఆన్ చేసిన కొద్ది క్షణాలకే నల్లని తెరపై ఒక సందేశం వచ్చి ఆగిపోవును. విండోస్\సిస్టమ్32\కాన్ఫిగ్\సిస్టమ్ అను ఫైలు లేదనో, పాడైనదనో, అందువలన విండోస్ మొదలు కాలేదనో ఆ సందేశ సారాంశం. చూచుటకు భయము గొలిపినా దీని అర్థం పరిమితమైనది. ఎన్‌టీఎల్‌డీఆర్ అను ప్రారంభ ప్రోగ్రాము సరిగానే పనిచేసి, ఒక్క ఫైలును మాత్రం చదవలేకపోయినది. ఛాయాచిత్రాలు, ఉత్తరాలు, లెక్కల ఫైళ్ళు చాలా సందర్భాలలో డిస్కుపై యథాతథంగానే ఉండును. వాటిని నిజంగా పోగొట్టేది తొందరపడి చేసే ఫార్మాటే.

కారణాలు

రిజిస్ట్రీ విండోస్ అమరికలన్నిటినీ దాచే గిడ్డంగి. దీనిలో ప్రధానమైనవి కాన్ఫిగ్ ఫోల్డరులోని ఐదు ఫైళ్ళు: డ్రైవర్ల, సర్వీసుల వివరాలు గల సిస్టమ్, ప్రోగ్రాముల అమరికలు గల సాఫ్ట్‌వేర్, వాడుకరుల ఖాతాలు గల శామ్, ఇవి గాక సెక్యూరిటీ, డిఫాల్ట్. కంప్యూటరు నడుస్తున్నంతసేపూ విండోస్ వీటిలో మార్పులు వ్రాస్తూనే ఉండును. వ్రాత మధ్యలో కరెంటు పోయినచో ఫైలులో కొంత కొత్తది, కొంత పాతది మిగులును. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైలు వ్యవస్థ తన మార్పులను చిట్టాలో వ్రాసుకొనును గాని, ఆ చిట్టా కాపాడేది ఫైలు పేరు, పరిమాణం, స్థానముల వంటి వివరాలనే. లోపలి విషయమును కాదు. అందువలన ఫైలు పేరుకు ఉండి, చదువుటకు పనికిరాకుండా పోవును.

డిస్కుపై చెడిన సెక్టార్లు, లోపమున్న ర్యామ్ కూడా ఇదే ఫలితమును ఇచ్చును. బాగుచేసిన కొద్ది రోజులకే సమస్య మళ్ళీ వచ్చినచో వీటినే అనుమానించవలెను.

ముందుగా చేయవలసినది

ఏ మరమ్మతుకైనా ముందు సమాచారమును వేరొకచోటికి నకలు చేయవలెను. డిస్కును ఊడదీసి మరొక కంప్యూటరుకు రెండవ డిస్కుగా తగిలించవచ్చును, లేదా నాపిక్స్ వంటి లినక్స్ లైవ్ సీడీతో కంప్యూటరును మొదలుపెట్టవచ్చును. డిస్కు టకటక శబ్దం చేస్తున్నచో చెక్‌డిస్క్ జోలికి పోరాదు. అది డిస్కంతటినీ చదివి ఉన్న ప్రాణమును కూడా తీయగలదు. విండోస్ ద్వారా ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్ళున్నచో, వాటి తాళపుచెవి వాడుకరి ప్రొఫైలులో ఉండును గనుక డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ ఫోల్డరును మొత్తంగా నకలు చేయవలెను.

పద్ధతి

ఎఫ్8 నొక్కగా వచ్చే జాబితాలోని 'లాస్ట్ నోన్ గుడ్ కాన్ఫిగరేషన్' అందరూ మొదట ప్రయత్నించేది. ఆ పాత అమరిక కూడా సిస్టమ్ ఫైలులోనే ఉండును గనుక, ఆ ఫైలే పాడైనప్పుడు ఇది సాధారణంగా ఫలించదు.

అప్పుడు విండోస్ సీడీతో మొదలుపెట్టి, మొదటి తెరపై ఆర్ నొక్కి రికవరీ కన్సోలులోనికి వెళ్ళవలెను. అక్కడ 'చెక్‌డిస్క్ /ఆర్' ఆదేశం ఒక్కటే సరిపోయే సందర్భాలు కలవు. ఫలించనిచో ఐదు ఫైళ్ళను వేరే ఫోల్డరులో భద్రపరచి, విండోస్\రిపేర్ ఫోల్డరులోని ప్రతులను వాటి స్థానంలో పెట్టవలెను. ఇవి విండోస్ స్థాపించిన నాటివి. కంప్యూటరు మొదలగును గాని, తరువాత చేర్చిన ప్రోగ్రాములు, ఖాతాలు దానికి తెలియవు. ఇది మజిలీయే తప్ప గమ్యం కాదు. ఇక్కడితో ఆగిపోయి అంతా పోయినదనుకొనేవారు కలరు.

అసలు ప్రతులు సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అను దాచిన ఫోల్డరులో, ఆర్‌పీ అను అక్షరాలతో మొదలయ్యే ఫోల్డర్లలోని స్నాప్‌షాట్‌లో ఉండును. లోపం రాకముందు తేదీ గలదానిని ఎన్నుకొని, అందలి ఐదు ఫైళ్ళకు అసలు పేర్లు పెట్టి, రికవరీ కన్సోలు ద్వారానే కాన్ఫిగ్‌లో ఉంచవలెను. సిస్టమ్ రీస్టోర్‌ను ముందే ఆపివేసియున్నచో ఈ ప్రతులు ఉండవు.

తయారీదారే విండోస్ వేసి అమ్మిన కంప్యూటర్లలో రిపేర్ ప్రతులను వాడరాదని మైక్రోసాఫ్ట్ హెచ్చరించినది. అంతకుముందు లేని ఖాతాలు, సంకేతపదాలు వాటి వలన ఏర్పడి, యజమానే లోనికి పోలేని స్థితి రావచ్చును. అట్టి కంప్యూటర్లలో లైవ్ సీడీ సహాయంతో నేరుగా స్నాప్‌షాట్ ప్రతులనే పెట్టుట మేలు.

తరువాతి విండోస్‌లలో

విండోస్ విస్టాతో ఎన్‌టీఎల్‌డీఆర్ స్థానంలో బూట్ మేనేజరు, రికవరీ కన్సోలు స్థానంలో విండోస్ రికవరీ ఎన్విరాన్‌మెంట్ వచ్చినవి. కాన్ఫిగ్‌లోని రెగ్‌బ్యాక్ ఫోల్డరు నుండి ప్రతులు తెచ్చుకొనమను సలహా ఆ కాలంనాటిది. విండోస్ 10లో 2018 నాటి 1803 సంచిక నుండి ఆ ఫోల్డరులోనికి నకలు తీయుటను మైక్రోసాఫ్ట్ నిలిపివేసినది. ఫైళ్ళ పేర్లు కనిపించినా పరిమాణం 0 గనుక, చూడకుండా నకలు చేసినచో ఉన్న రిజిస్ట్రీ కూడా పోవును. బిట్‌లాకర్ ఉన్న కంప్యూటర్లలో డిస్కును తెరచుటకు 48 అంకెల రికవరీ కీ అవసరం కావచ్చును గనుక, దానిని కంప్యూటరు బాగున్నప్పుడే కాగితంపై వ్రాసి ఉంచుకొనవలెను.