కాంపాక్ట్ కెమెరాతో వీడియో: అపోహలు – వాస్తవాలు

మెగాపిక్సెళ్లు ఎక్కువైతే వీడియో బాగా వస్తుందన్నది కాంపాక్ట్ డిజిటల్ కెమెరా కొనేవారిలో బాగా పాతుకుపోయిన నమ్మకం. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండే ఆ సంఖ్య ఫొటోలకే వర్తిస్తుంది. ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక్కో ఫ్రేము 1920 x 1080, అంటే సుమారు 21 లక్షల పిక్సెళ్లు. 4కే ఫ్రేముకైనా 83 లక్షలు చాలు. అంతకు మించినవాటితో వీడియోకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. అసలు తేడా సెన్సర్ సైజులో, లెన్సులో, బిట్‌రేటులో ఉంటుంది. మామూలు కాంపాక్టుల్లోని 1/2.3 అంగుళాల సెన్సర్ వెడల్పు 6.2 మిల్లీమీటర్లే. సోనీ ఆర్‌ఎక్స్100 వంటివాటిలో అది 13.2 మిల్లీమీటర్లు. రాత్రిపూట పెళ్లి పందిట్లో ఒకదానిలో ముఖాలు మరకల్లా, మరోదానిలో స్పష్టంగా రావడానికి ముఖ్య కారణం ఇదే.

ట్యూబ్‌లైటు కింద తీసిన వీడియోలో నల్లటి చారలు పాకితే సెన్సర్ చెడిపోయిందని భయపడతారు. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత చోకు ట్యూబ్‌లైట్ల వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. సెకనుకు 30 ఫ్రేముల వేగం, 1/60 షట్టర్ దానితో పొసగవు. మెనూలో పీఏఎల్ ఎంచుకుని 25 లేదా 50 ఫ్రేములు, షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే చారలు దాదాపు పోతాయి. షట్టర్ మార్చే వీలులేని కెమెరాల్లో పీఏఎల్ ఒక్కటే దారి.

రికార్డింగు 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోవడమూ లోపం కాదు. ఏకబిగిన 30 నిమిషాలు రికార్డు చేయగల పరికరాన్ని యూరోపియన్ యూనియన్ సుంకాల కోసం వీడియో కెమెరాగా లెక్కించేది. ఆ భారం తప్పించుకోవడానికి చాలా కంపెనీలు ఈ గడువు పెట్టాయి. కొన్ని కెమెరాలు 4 జీబీ దగ్గర ఆగుతాయి. 32 జీబీ వరకు కార్డుల్లో వాడే ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఒక ఫైలు అంతకు మించి పెరగదు.

కార్డు మీద కనిపించే 170 ఎంబీ వంటి అంకె సాధారణంగా చదివే వేగం. వీడియోకు కావలసింది రాసే వేగం కాబట్టి వీ30 గుర్తు చూసుకోవాలి. సెకనుకు 30 ఎంబీకి తగ్గకుండా రాస్తుందని దాని అర్థం.

అన్నిటికంటే నష్టం చేసే అపోహ శబ్దం గురించినది. జూమ్ చేస్తే మనిషి దగ్గరవుతాడు గానీ మాట దగ్గరవదు. కాంపాక్టు మైకు సూది బెజ్జమంత రంధ్రం. వేదికకు ఇరవై అడుగుల దూరంలో అది ముందు పట్టుకునేది పక్కవారి కబుర్లను, ఫ్యాన్ హోరును. జూమ్ మోటారు చప్పుడు కూడా అందులో పడుతుందనే పాత మోడళ్లు కొన్ని రికార్డింగులో ఆప్టికల్ జూమ్‌ను పనిచేయనివ్వవు. పట్టుకునేటప్పుడు వేలు ఆ రంధ్రాన్ని మూయకూడదు. చిత్రం కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట వినిపించకపోతే చూడరు. అందుకే ముందు వక్త దగ్గరికి వెళ్లాలి. అది కుదరకపోతే ఫోనులో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి వక్త జేబులో పెట్టాలి. మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే, ఎడిటింగులో ఆ చప్పుడును ఆధారం చేసుకుని రెండింటినీ కలపవచ్చు.