హట్టి బంగారం విడిచే ఒక్క ఎలక్ట్రాన్

రాయచూరు జిల్లా హట్టిలో గని నుంచి పైకొచ్చే రాయిని చూస్తే అందులో బంగారం ఉందని ఎవరికీ తోచదు. టన్ను రాతిలో దొరికేది కొద్ది గ్రాములే. ఆ కొద్ది గ్రాముల కోసం దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటే ఇక్కడి మనుషులు రాతిని మంటపెట్టి కాల్చి, పగలగొట్టుకుంటూ లోతుకు దిగారు. దగ్గర్లోని మస్కిలో 1915లో అశోకుడి శాసనాన్ని కనుగొన్న బీడన్ కూడా బంగారు గనుల ఇంజనీరే. నిజాం పాలనలో, 1947లో, హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో మొదలైన కంపెనీ 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిశాక హట్టి గోల్డ్ మైన్స్ అయింది. 2001లో కోలారు గనులు మూతపడ్డాక దేశానికి మిగిలిన ప్రధాన బంగారు గని ఇదే.

మన పాఠ్యపుస్తకాలు రసాయన చర్యలను సోడియంతోనో మెగ్నీషియంతోనో మొదలుపెడతాయి. నన్నడిగితే బంగారంతో మొదలుపెట్టాలి. ఒక మూలకం దేనితోనూ సులువుగా ఎందుకు కలవదో తెలిసినప్పుడే, మిగతావి ఎందుకు కలుస్తాయో పిల్లలకు నిజంగా అర్థమవుతుంది.

బంగారం పరమాణు కేంద్రకంలో 79 ప్రోటాన్లుంటాయి. చుట్టూ 79 ఎలక్ట్రాన్లు 2, 8, 18, 32, 18, 1గా అమరి ఉంటాయి. సోడియానికీ చివర ఉండేది ఒక్క ఎలక్ట్రానే. నీళ్ళు తగిలితే చాలు, సోడియం దాన్ని వదిలేసి భగ్గుమంటుంది. బంగారం మాత్రం వేల ఏళ్ళు మట్టిలో ఉన్నా మెరుపు కోల్పోదు. 79 ప్రోటాన్ల లాగుడుకు లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి మించిన వేగంతో తిరుగుతాయి. అంత వేగంలో ఐన్‌స్టీన్ సాపేక్షత ప్రభావం పైకి తేలుతుంది: చివరి ఎలక్ట్రాన్ కూడా కేంద్రకం వైపు మరింత దగ్గరగా ముడుచుకుంటుంది, దాన్ని ఊడదీయడం కష్టమవుతుంది. బంగారం నీలి కాంతిని పీల్చుకుని పసుపుగా కనబడటానికీ ఈ ప్రభావమే కారణం. ఆ రంగూ, తుప్పు పట్టని గుణమూ ఒకే మూలం నుంచి వచ్చాయి.

అలాంటి లోహాన్ని రాయి నుంచి వేరు చేయడం ఎలా? పెద్ద రేణువులైతే బరువే దారి చూపుతుంది. బంగారం నీటికన్నా 19 రెట్లకు పైగా బరువు, పలుగురాయి మూడు రెట్లు కూడా కాదు. కంటికి ఆనని రేణువులకు మాత్రం రసాయన చర్యే శరణ్యం. మెత్తగా నూరిన రాతిపొడిని నీటిలో కలిపి, అతి పలుచగా సోడియం సయనైడ్ వేసి, గాలి ఊదుతూ గంటల తరబడి కలియబెడతారు. గ్లాస్గోలో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు 1887లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. గాలి లేకపోతే పని జరగదన్న సంగతి అంతకుముందే, 1846లో, జర్మనీలో ఎల్స్నర్ తేల్చాడు.

గాలిలోని ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్ కావాలి, కానీ బంగారం నుంచి లాక్కునే బలం దానికొక్కదానికే చాలదు. సయనైడ్‌కు బంగారు అయాన్ కావాలి, కానీ ఎలక్ట్రాన్‌ను ఊడదీయడం దాని చేతకాదు. రెండూ ఒకచోట చేరితే, ఎలక్ట్రాన్ పోయిన బంగారాన్ని మళ్ళీ లోహంగా మారనివ్వకుండా రెండు సయనైడ్ అయాన్లు అటూ ఇటూ పట్టుకుంటాయి. ఆ పట్టు వల్లే ఎలక్ట్రాన్ వదులుకోవడం బంగారానికి సులువవుతుంది. లెక్క కూడా చక్కగా సరిపోతుంది: నాలుగు బంగారు పరమాణువులు తలా ఒకటి ఇస్తే, ఒక ఆక్సిజన్ అణువు ఆ నాలుగూ తీసుకుంటుంది. రసాయన సమీకరణాన్ని తుల్యం చేయడమంటే ఈ జమాఖర్చు చూసుకోవడమే.

ద్రావణంలోని బంగారాన్ని తిరిగి రాబట్టడానికి జింకు పొడి ఒక దారి. జింకు తన రెండు ఎలక్ట్రాన్లనూ సులువుగా వదిలేస్తుంది, కాబట్టి ఒక్కో జింకు పరమాణువు రెండు బంగారు పరమాణువులను మళ్ళీ లోహంగా మారుస్తుంది. ఒకటి ఆక్సీకరణమైతే ఇంకొకటి క్షయకరణం, ఎప్పుడూ జంటగానే. ఇంకో దారిలో ఉత్తేజిత బొగ్గు బంగారు సయనైడ్‌ను తన రంధ్రాల్లోకి పీల్చుకుంటుంది. దాన్ని వేడి క్షార ద్రావణంతో కడిగి, విద్యుత్తు పంపి లోహాన్ని రాబడతారు.

సయనైడ్ విషం కావడానికీ లోహాలను పట్టుకునే ఈ గుణమే కారణం. ఒంట్లోకి వెళ్తే, కణాలు ఆక్సిజన్ వాడుకునే ఎంజైములోని ఇనుమును అది పట్టేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేవు. అందుకే మిల్లులో సున్నం వేసి ద్రావణం పీహెచ్‌ను 10కి పైనే ఉంచాలి. అది తగ్గితే సయనైడ్ ప్రాణాంతకమైన హైడ్రోజన్ సయనైడ్ వాయువుగా మారి గాల్లో కలుస్తుంది. కూలీల ప్రాణం ఆ ఒక్క అంకె మీద ఉంటుంది. ఆ కొలతను చూసే పరికరాల మీద పెట్టే ఖర్చులో పీనాసితనం ఎంతమాత్రం తగదు.

అసలు ఈ బంగారం రాతిలో చేరిందీ ఇలాంటి చర్యతోనే. సుమారు 250 కోట్ల ఏళ్ళ కిందట భూమి లోతుల నుంచి ఎగదన్నిన వేడినీరు బంగారాన్ని మోసుకొచ్చింది. అప్పుడు బంగారాన్ని పట్టుకున్నది గంధకం. దారిలో ఇనుము నిండిన రాళ్ళు ఎదురై ఆ గంధకాన్ని లాగేసుకున్నాయి, బంగారం అక్కడే మిగిలిపోయింది. అందులో కొంత, ఇనుము, ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజం లోపల చిక్కుకుంది. హట్టి ప్రాంతపు రాతిలో ఆ ఖనిజమూ ఉంది. ఎంత నూరినా సయనైడ్ ఆ చిక్కుకున్న బంగారాన్ని చేరలేదు. ముందు ఖనిజాన్ని కాల్చి గంధకాన్ని పోగొట్టాలి, లేదా ఇనుమునూ గంధకాన్నీ ఆక్సీకరణం చేసి బతికే బ్యాక్టీరియాకు ఆ పని అప్పగించాలి. కాలిస్తే విషపు ఆర్సెనిక్ పొగ వస్తుంది, బ్యాక్టీరియాకైతే రోజుల తరబడి సమయం పడుతుంది.