అద్దం తీసేసిన కెమెరా

పెళ్ళిపందిట్లో ఫోటోగ్రాఫరు పక్కన ఎప్పుడైనా నిలబడ్డారా? అతడు పెద్ద నల్ల కెమెరాను కంటికి ఆనించి మీట నొక్కినప్పుడల్లా "ఠప్"మని చప్పుడు వస్తుంది. ఫోటో తీయడమంటే వెలుతురును పట్టుకోవడమే కదా! వెలుతురుకు చప్పుడు లేదు. మరి ఆ చప్పుడు దేనిది?

షట్టరుది అని చాలామంది అంటారు. అది కొంతవరకే నిజం. అందులో పెద్ద వాటా కెమెరా లోపలున్న ఒక చిన్న అద్దానిది. మీట నొక్కగానే ఆ అద్దం తలుపులాగా పైకి లేస్తుంది. ఫోటో పడగానే మళ్ళీ కిందికి దిగుతుంది. పదిహేనేళ్ళపాటు నేను అలాంటి కెమెరానే వాడాను. బడి వార్షికోత్సవాలు, విహారయాత్రలు, సైన్సు ఫెయిర్లు అన్నీ దానితోనే తీశాను. 2025 వేసవిలో దాన్ని పక్కనబెట్టి, అద్దం లేని చిన్న కెమెరా ఒకటి కొన్నాను. అంగళ్ళలో దీన్ని "మిర్రర్‌లెస్" అంటారు.

పెట్టె విప్పి చేతిలోకి తీసుకోగానే నాకేమనిపించిందో చెబితే మీరు నవ్వుతారు. లోపల ఏదో బిగించడం మరిచిపోయారేమో అనిపించింది! పాతది లెన్సుతో కలిపి కిలోకు పైగా తూగేది. ఇది అందులో సగం కూడా లేదు. అనుమానం తీరక లెన్సు విప్పి చూశాను. పాతదానిలో అయితే ముందుగా 45 డిగ్రీలు వాలిన అద్దం కనిపించేది. ఇందులో ఏ అడ్డూ లేకుండా ఎదురుగా సెన్సరే మెరుస్తున్నది.

అద్దం లేకపోయినా ఫోటోలు బాగానే వస్తున్నాయి. మరి ఇన్నేళ్ళూ దాన్ని ఎందుకు పెట్టినట్టు?

ఇది తెలియాలంటే మీరొక చిన్న పని చేయాలి. పగటిపూట గదిలో కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర నిలబడండి. ఒక భూతద్దాన్ని గోడ ముందు పట్టుకొని మెల్లగా దగ్గరికీ దూరానికీ జరపండి. ఒకచోట కిటికీ, బయట చెట్టు, గోడమీద తలకిందులుగా స్పష్టంగా కనబడతాయి. కుంభాకార కటకం ఏర్పరిచే నిజ ప్రతిబింబం అంటే ఇదే. పాత కెమెరాలలో ఫిలిం ఉండవలసింది సరిగ్గా ఆ గోడ ఉన్నచోటే.

ఇక్కడే చిక్కు వచ్చింది. బొమ్మ పడేచోట ఫిలిం కూర్చుంటే మన కన్ను ఎక్కడ కూర్చోవాలి? బొమ్మ స్పష్టంగా ఉందో లేదో ముందే చూసుకోవాలంటే వెలుతురు లోపలికి రావాలి. వెలుతురు తగిలిందా, ఫిలిం పాడవుతుంది. కొన్ని కెమెరాలలో లెన్సుకు పక్కగా వేరే కంత పెట్టి అందులోంచి చూడమన్నారు. దూరపు కొండకైతే ఆ పద్ధతి చాలు. దగ్గరున్న మందారపువ్వును తీస్తే కంతలో నిండుగా కనిపించిన పువ్వుకు ఫోటోలో ఒక పక్క రెక్కలు తెగిపోతాయి. కన్ను చూసే దారి వేరు, లెన్సు చూసే దారి వేరు కావడమే దానికి కారణం.

ఇప్పుడు భూతద్దానికీ గోడకూ నడుమ ఒక అద్దం ముక్కను 45 డిగ్రీలు వాల్చి పెట్టండి. గోడమీది బొమ్మ మాయమవుతుంది. అద్దానికి పైన నూనె రాసిన తెల్లకాగితాన్ని అడ్డంగా పట్టుకుంటే బొమ్మ దానిమీద పడుతుంది. ఒకరే అన్నీ పట్టుకోలేరు, పక్కనెవరినైనా సాయం పిలవండి. కాగితాన్ని పైనుంచి చూడండి. చెట్టు నిటారుగానే ఉంటుంది కాని, కుడి ఎడమలు తారుమారవుతాయి. అద్దంవాలు కెమెరా కీలకం ఇదే. భూతద్దం నుంచి అద్దం మీదుగా కాగితానికి ఎంత దూరమో, భూతద్దం నుంచి గోడకు కూడా అంతే దూరం ఉండాలి. అప్పుడు పైన స్పష్టంగా కనిపించిన బొమ్మ, అద్దం తప్పుకోగానే వెనక కూడా స్పష్టంగానే పడుతుంది. ఈ ఆటలో భూతద్దాన్ని సూర్యుడివైపు మాత్రం తిప్పకండి.

కాగితానికి బదులు గరుకు గాజు పెట్టి, ఈ ఏర్పాటుతో 35 మిల్లీమీటర్ల ఫిలింకు తగిన కెమెరా కైన్ ఎగ్జాక్టాను 1936లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో తయారుచేశారు. దాన్ని పొట్ట దగ్గర పట్టుకొని తల వంచి పైనుంచి చూడాలి. కుడికి పరుగెత్తే పిల్లవాడు గాజుమీద ఎడమకు పరుగెత్తుతాడు! అదే నగరంలో 1949లో వచ్చిన కాంటాక్స్ ఎస్ కెమెరాలో గరుకు గాజుపైన పట్టకం ఒకటి అమర్చారు. అది కుడి ఎడమలను సరిచేసి, బొమ్మను నేరుగా కంటి ఎత్తుకు తెచ్చింది. పెద్ద కెమెరాల నడినెత్తిన కనిపించే మూపురం ఈ పట్టకానిదే. ఒకసారి లేచిన అద్దం దానంతటదే దిగిరావడం 1954లో జపానులో అసాహి సంస్థ చేసిన కెమెరాతో వచ్చింది. అంతకుముందు చాలా కెమెరాలలో మళ్ళీ ఫిలిం చుట్టేదాకా కంతలో చీకటే. 1959లో నికాన్ ఎఫ్ వచ్చాక పత్రికా విలేఖరుల భుజాలమీద ఈ రకం కెమెరా స్థిరపడింది.

ఇంత తెలివైన ఏర్పాటుకు మూల్యం లేకపోలేదు. అద్దం లేవడానికి చోటు కావాలి. అందువల్ల లెన్సు ఎక్కడో ముందుకు జరిగి కూర్చోవాలి. నికాన్ ఎఫ్ కెమెరాలో లెన్సు బిగించే కట్టు నుంచి ఫిలిందాకా 46.5 మి.మీ. దూరం. అదే సంస్థ 2018లో తెచ్చిన అద్దంలేని జెడ్ రకంలో ఈ దూరం 16 మి.మీ. మాత్రమే. మూడు సెంటీమీటర్లు మిగిలింది! పట్టకం బరువు కూడా పోయింది. నా కెమెరా ఎందుకు తేలికగా ఉందో ఇప్పుడు తెలిసింది కదా.

మరి అద్దాన్ని తీసేయడం ఎలా సాధ్యమైంది? ఫిలిం పోయి సెన్సరు రావడం వల్ల. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే శాస్త్రజ్ఞులు సి.సి.డి. అనే సిలికాన్ పలకను రూపొందించారు. ఇందుకు వారికి 2009లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. సిలికాన్‌మీద కాంతి పడితే ఎలక్ట్రానులు విడివడతాయి. పలకను లక్షలాది చిన్న గడులుగా విభజించి, ఏ గడిలో ఎన్ని ఎలక్ట్రానులు చేరాయో లెక్కిస్తే బొమ్మ తయారవుతుంది. ఈనాటి కెమెరాలలో ఎక్కువగా ఉన్నది సీమాస్ అనే మరో రకం. కాంతిని ఎలక్ట్రానులుగా మార్చడం మాత్రం రెండింటిలోనూ ఒకటే.

ఫిలిం ఒక్కసారే చూడగలదు. సెన్సరు గడులను ఖాళీచేసి మళ్ళీ నింపవచ్చు, సెకండుకు అరవైసార్లైనా సరే. కాబట్టి మనకు ముందుగా చూపించే పని కూడా సెన్సరుకే అప్పగించవచ్చు. అది చూసినదాన్ని కంటి కంత లోపలున్న గోరంత తెరమీద వేస్తే చాలు, అద్దంతో పనిలేదు. ఆ మాటకొస్తే మీ ఇంట్లో సెల్‌ఫోను కెమెరాకు అద్దం ఎప్పుడూ లేదు. లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరాలలో ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది 2008లో వచ్చిన పానసోనిక్ జి1.

ఇక నా అనుభవం చెబుతాను. మొదటి వారం నాకు బాగా నచ్చింది ఒకటుంది. కిటికీ ముందు కూర్చున్న పిల్లల్ని తీస్తే పాత కెమెరాతో ముఖాలు నల్లగా పడేవి. ఆ సంగతి ఫోటో తీశాకగాని తెలిసేది కాదు. కొత్తదానిలో మీట తిప్పుతుంటే, కంతలో కనిపించే బొమ్మే చీకటి కావడం, వెలుగు కావడం కనిపిస్తుంది. రాబోయే ఫోటోను ముందే చూస్తున్నామన్నమాట.

నచ్చనివీ ఉన్నాయి. నల్లబల్ల పక్కన నిలబడి లెన్సు మార్చాను. అడ్డుగా అద్దం లేదు కదా, సుద్దపొడి నేరుగా సెన్సరుమీద వాలింది. ఆ తర్వాత తీసిన ప్రతి ఆకాశంలోనూ అవే నల్లచుక్కలు!

ఇంకొకటి తమాషా. ఈ కెమెరాలో షట్టరు కదలకుండా, చప్పుడే లేకుండా ఫోటో తీసే పద్ధతి ఉంది. పరీక్ష రాస్తున్న పిల్లల్ని కదిలించకుండా తీద్దామని దాన్ని వాడాను. పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కలు ఫోటోలో కొడవళ్ళలా వంగిపోయి ఉన్నాయి. ఎందుకు? అన్ని గడులనూ ఈ సెన్సరు ఒకేసారి చదవదు. మీరు పుస్తకం చదివినట్టు వరుస తరువాత వరుసగా చదువుతుంది. మొదటి వరుస నుంచి చివరి వరుసకు వచ్చేసరికి సెకండులో 30వ వంతు పట్టిందనుకుందాం. ఫ్యాను నిమిషానికి 300 చుట్లు తిరిగితే సెకండుకు 5 చుట్లు. సెకండులో 30వ వంతులో అది ఆరోవంతు చుట్టు, అంటే 60 డిగ్రీలు తిరుగుతుంది. పై వరుసలు చదివినప్పుడు రెక్క ఒకచోట, కింది వరుసలకు వచ్చేసరికి మరొకచోట ఉంటుంది. అందుకే వంపు. అదే ఫోటోలో గోడమీద వెడల్పాటి నల్లచారలు మూడు కనిపించాయి. మన కరెంటు సెకండుకు 50 ఆవృత్తులు. చౌకరకం ఎల్.ఇ.డి. దీపాలు కొన్ని సెకండుకు 100 సార్లు మినుకుతాయి. చారలు మూడే ఎందుకొచ్చాయో మీరే లెక్క వేయండి.

ఇదంతా ఒక ఎత్తు, 2025 సెప్టెంబరు 7 రాత్రి జరిగింది ఒక ఎత్తు. ఆ రాత్రి మనదేశమంతటా సంపూర్ణ చంద్రగ్రహణం. హాస్టలు పిల్లలు పదకొండుమందితో బడి డాబామీదికి ఎక్కాను. పాత కెమెరాకు వాడిన 300 మి.మీ. లెన్సును ఒక కట్టు సాయంతో కొత్తదానికి బిగించాను. లెన్సు నాభ్యంతరాన్ని సుమారు 110తో భాగిస్తే చంద్రుడి బొమ్మ ఎంత పడుతుందో తెలుస్తుంది. 300 మి.మీ.కు మూడు మి.మీ. కన్నా కొంచెం తక్కువ. రాత్రి 11 గంటలకు చంద్రుడు పూర్తిగా నీడలోకి వెళ్ళాడు. మబ్బులు తెరలు తెరలుగా వస్తూ పోతూ ఉన్నాయి. కంటికి మసకగా, కందిన ఇటుకలా కనిపిస్తున్న చంద్రుణ్ణి కొత్త కెమెరా తన తెరమీద ప్రకాశవంతం చేసి చూపించింది. పిల్లలు వరుసగా వచ్చి చూస్తున్నారు.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె కన్ను తీసి, "సార్, మేము చూస్తున్నది చంద్రుణ్ణా, చంద్రుడి టీవీనా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పాత కెమెరాలోనూ కన్ను చూసేది గరుకు గాజుమీది బొమ్మనే. అయితే ఆ బొమ్మను గీసింది చంద్రుడి నుంచి వచ్చిన కాంతే. అదే కాంతి గాజు దాటి కంటిలోకి వస్తుంది. కొత్తదానిలో చంద్రుడి కాంతి ప్రయాణం సెన్సరు దగ్గర ముగుస్తుంది. అక్కడ అది ఎలక్ట్రానులై, అంకెలై, చివరకు తెర వెలిగించే వేరే కాంతిగా మన కంటికి చేరుతుంది. కొద్దిగా ఆలస్యం కూడా అవుతుంది, సెకండులో వందోవంతులలో. చంద్రుడి నుంచి ఇక్కడికి రావడానికే కాంతికి 1.3 సెకండ్లు పడుతుంది కాబట్టి ఆ ఆలస్యం లెక్కలోనిది కాదు. కాని కాంతి మారిపోయిందన్నది నిజం. "టీవీయే తల్లీ" అని ఒప్పుకున్నాను.

12 గంటలు దాటగానే ఆ టీవీ ఆరిపోయింది. ఈ కెమెరా చూపించినంతసేపూ సెన్సరు, తెర రెండూ కరెంటు తాగుతూనే ఉంటాయి. గంటకు పైగా పిల్లలకు చూపించాను, బ్యాటరీ ఖాళీ. రెండో బ్యాటరీ తెచ్చుకోలేదు. ఇటువంటి గ్రహణం మళ్ళీ ఎప్పుడో, ఈ పిల్లలు అప్పటికి ఎక్కడుంటారో! నాకు ముఖం చెల్లలేదు.

అప్పుడు పాత కెమెరా గుర్తుకొచ్చింది. ప్రయోగశాల తాళం తీయించి తెప్పించాను. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ఫోటో పడదు. కాని అద్దానికీ పట్టకానికీ బ్యాటరీతో పనేముంది? లెన్సు మార్చి, చేత్తో తిప్పి స్పష్టత కుదిర్చాను. చంద్రుడు కనిపించాడు. ఇందాకటంత వెలుగు లేదు, మసక ఎరుపే. పిల్లలు మళ్ళీ వరుస కట్టారు. 12 గంటల 22 నిమిషాల ప్రాంతంలో చంద్రుడి అంచున సన్నని తెల్లగీత మొలిచినప్పుడు కంతకు కన్ను ఆనించి ఉన్నది ఇందాక ప్రశ్న అడిగిన అమ్మాయే. "వచ్చేసింది, వచ్చేసింది!" అని అరిచింది.

ఆ గీతకు మా దగ్గర ఫోటో లేదు. మరునాడే రెండో బ్యాటరీ కొన్నాను. పాత కెమెరా ఇప్పుడు ప్రయోగశాల బీరువాలో కటకాల పక్కన ఉంది. లెన్సు విప్పి అద్దాన్ని చూపించమని పిల్లలు అడుగుతుంటారు, చూపిస్తాను. వేలితో ముట్టుకోనివ్వను. మన ఇంటి అద్దాలకు లోహపు పూత గాజు వెనకవైపు ఉంటుంది. దీనికి ముందువైపునే ఉంటుంది. వెనక పూత ఉంటే గాజు ముందు తలం నుంచి కూడా కొంత కాంతి పరావర్తనం చెంది రెండు బొమ్మలు పడతాయి. కావాలంటే ఇంట్లో మందపాటి అద్దం ముందు కొవ్వొత్తి వెలిగించి, పక్కనుంచి ఏటవాలుగా ఎన్ని మంటలు కనిపిస్తాయో లెక్కపెట్టండి.