హార్డుడిస్కు మార్చిన తరువాత కంప్యూటరు బూట్ కాకపోవడం

హార్డుడిస్కు మార్చిన తరువాత కంప్యూటరు బూట్ కాకపోవడం అనగా, పాత డిస్కు తీసి కొత్తది అమర్చిన కంప్యూటరు, విద్యుత్తు అందుకొని ఫ్యానులు తిరుగుతున్నప్పటికీ ఆపరేటింగ్ సిస్టమ్ వరకు చేరకుండా నల్లని తెర వద్దనే ఆగిపోవడం. చాలామంది కొత్త డిస్కే చెడిపోయినదని భావించి దానిని దుకాణానికి తిప్పి పంపుతారు. అధిక సందర్భాలలో డిస్కు బాగానే ఉంటుంది. దానిని చదివే వరుసలో ఎక్కడో ఒక మెట్టు తప్పి ఉంటుంది. ఆ మెట్టు ఏదో తెలిసే వరకు పాత డిస్కును చెరపకుండా భద్రపరచడం ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది.

గుంటూరు, ప్రకాశం జిల్లాలలోను, 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో ఏర్పడిన పల్నాడు, బాపట్ల జిల్లాలలోను పత్తి, మిర్చి వ్యాపారాలకు, పాఠశాలలకు, ముద్రణాలయాలకు కంప్యూటరు వాడకం ఏనాడో వచ్చింది. కమిషన్ దుకాణపు చిట్టాలు, జిన్నింగ్ మిల్లు తూకాలు, పదవ తరగతి నామినల్ రోల్సు, పెళ్ళి శుభలేఖలు తరచు ఒకే ఒక డిస్కుపై ఆధారపడి ఉంటాయి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5,000 ఉన్నత పాఠశాలలలో చేపట్టిన కంప్యూటరు విద్యా పథకంలో, ఒకే కంప్యూటరును పలువురు విద్యార్థులకు పంచే ఎన్‌కంప్యూటింగ్ పరికరాలను వాడారు. అటువంటి అమరికలో ప్రధాన కంప్యూటరు డిస్కు ఒక్కటి ఆగితే బల్ల చుట్టూ ఉన్న తెరలన్నీ ఆగిపోతాయి.

బూటింగు జరిగే క్రమము

పొయ్యి రాజేసేటప్పుడు ముందు చిదుగులు, ఆ మీదట పత్తికట్టె అంటించినట్లే కంప్యూటరు కూడా చిన్న ప్రోగ్రాముతో మొదలై పెద్ద ప్రోగ్రామును లేపుతుంది. మొదటిది మదర్‌బోర్డుపై ఉండే బయాస్. ఇది 1981లో ఐ.బి.ఎమ్. పర్సనల్ కంప్యూటరుతో వచ్చిన పద్ధతి. బయాస్ డిస్కులోని మొట్టమొదటి సెక్టారును, అనగా 512 బైట్లను చదువుతుంది. దీనిని మాస్టర్ బూట్ రికార్డు అంటారు. అందులో 446 బైట్లు ప్రోగ్రాముకు, 64 బైట్లు డిస్కు భాగాల పట్టికకు, చివరి రెండు బైట్లు గుర్తుకు కేటాయించబడినవి. ఆ గుర్తు లేకపోతే బయాస్ దానిని బూట్ చేయదగిన డిస్కుగా లెక్కించదు. కొత్తగా కొన్న డిస్కులో ఇవేవీ ఉండవు. అది కాగితం వంటిది.

తరువాత వచ్చిన యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతి వేరు. దీనిలో డిస్కుపై ఫ్యాట్ 32 పద్ధతిలో ఒక చిన్న విభాగం ఉండి, బూట్ ఫైలు అందులో ఉంటుంది. డిస్కు భాగాల పట్టిక కూడా మారి జి.పి.టి. అయింది. పాత పట్టిక సాధారణ డిస్కులలో 2 టెరాబైట్ల వరకే లెక్కించగలదు. ఒక పద్ధతిలో సిద్ధం చేసిన డిస్కును రెండవ పద్ధతిలో ఉన్న మదర్‌బోర్డుకు తగిలిస్తే, రెండూ నిర్దోషంగా ఉన్నా యంత్రం లేవదు.

మొదట చూడవలసినది

కంప్యూటరు ఆన్ చేసిన వెంటనే డిలీట్ లేదా ఎఫ్ 2 మీటను నొక్కి, కొన్ని కంపెనీల యంత్రాలలో వేరొక మీటను నొక్కి, బయాస్ తెరలోనికి వెళ్ళి కొత్త డిస్కు పేరు జాబితాలో ఉన్నదా అని చూడవలెను. ఈ ఒక్క పరిశీలనతో సమస్య రెండుగా చీలుతుంది. పేరు లేకపోతే దోషం తీగెలలోనో, విద్యుత్తులోనో, డిస్కులోనో ఉన్నది. పేరు ఉన్నట్లయితే తీగెల జోలికి పోవలసిన పని సాధారణంగా ఉండదు.

పేరు కనబడనప్పుడు యంత్రాన్ని ఆపి, ప్లగ్గు తీసి, పవరు మీటను ఒకసారి నొక్కి మిగిలిన విద్యుత్తును పోగొట్టి తరువాత పెట్టె తెరవవలెను. సాటా డిస్కుకు రెండు తీగెలు ఉంటాయి: సమాచారానికి సన్ననిది, విద్యుత్తుకు వెడల్పైనది. రెంటినీ తీసి గట్టిగా అమర్చి, వేరొక తీగెతోను, మదర్‌బోర్డుపై వేరొక సాకెట్టులోను ప్రయత్నించవలెను. సాటా 2003లో రాక మునుపటి ఐ.డి.ఇ. డిస్కులకైతే మాస్టర్, స్లేవ్ అని జంపర్లు సరిగా పెట్టవలసి ఉండేది. ఎమ్ 2 ఆకారపు డిస్కులలో సాటా రకము, ఎన్‌వీఎమ్ఈ రకము అని రెండు ఉన్నాయి; చూడటానికి ఒకేలా ఉన్నా ఒకదాని సాకెట్టు రెండవదానికి పనికిరాకపోవచ్చు. 2014కు ముందు వచ్చిన మదర్‌బోర్డులలో అధికభాగం ఎన్‌వీఎమ్ఈ డిస్కు నుండి బూట్ కాలేవు. తెర అసలు వెలగక బీప్ శబ్దాలు వస్తుంటే డిస్కును వదిలి, పని చేసేటప్పుడు చేయి తగిలి కదిలిన ర్యామ్ కార్డును చూడవలెను.

డిస్కు కనబడినా బూట్ కానప్పుడు

తెరపై వచ్చే ఆంగ్ల సందేశం ఎక్కడ ఆగినదో చెబుతుంది. "నో బూటబుల్ డివైస్", "ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్" అని వస్తే బూట్ చేయదగినదేదీ కనబడలేదని అర్థం. "బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్" అంటే డిస్కు వరకు చేరినది, విండోస్ రెండవ మెట్టు లేదు. విండోస్ ఎక్స్‌పీలో ఇదే చోట "ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్" అని వచ్చేది. లినక్సులో "గ్రబ్ రెస్క్యూ" అనే వరుస కనబడుతుంది. నీలితెరపై "ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్" అని వస్తే విండోస్ లేచింది గాని తన డిస్కును తానే చదవలేకపోయింది. సాటా అమరిక ఏ.హెచ్.సి.ఐ. నుండి ఐ.డి.ఇ.కి లేదా రెయిడ్‌కు మారినప్పుడు ఇట్లు జరుగుతుంది. పూర్వపు అమరికకు మార్చితే చాలు.

ఆ అమరిక ఎవరూ ముట్టకుండా ఎట్లు మారిందని అడుగవచ్చు. మదర్‌బోర్డుపై సి.ఆర్. 2032 అను 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ ఉంటుంది. అది నీరసించిన పాత యంత్రపు ప్లగ్గు తీయగానే గడియారము, బూట్ వరుస, సాటా అమరిక ఫ్యాక్టరీ స్థితికి వెళ్ళిపోతాయి. తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి చూపితే మొదట బ్యాటరీని మార్చవలెను.

అనుభవజ్ఞులను సైతం తికమకపెట్టే సందర్భం మరొకటి ఉన్నది. కంప్యూటరులో రెండు డిస్కులు ఉండగా విండోస్ స్థాపించినప్పుడు, విండోస్ ఒక డిస్కులోను, దానిని లేపే బూట్ ఫైళ్ళు రెండవ డిస్కులోను చేరవచ్చు. ఏళ్ళ తరువాత "ఇందులో ఏమీ లేదు" అని ఆ రెండవ డిస్కును తీసి కొత్తది పెడతారు. విండోస్ చెక్కుచెదరక ఉన్నా యంత్రం లేవదు. తీసిన డిస్కును తిరిగి తగిలించి చూడటమే దీనికి పరీక్ష. అప్పుడు లేచినట్లయితే, విండోస్ స్థాపక పెన్‌డ్రైవుతో బూట్ చేసి స్టార్టప్ రిపేరు గాని, బీసీడీబూట్ ఆదేశం గాని వాడి, విండోస్ ఉన్న డిస్కులోనే బూట్ ఫైళ్ళను ఏర్పరచవలెను. ఆ తెరలో సి, డి అనే అక్షరాలు తారుమారై ఉండవచ్చును గనుక ఏ భాగంలో విండోస్ ఉన్నదో ముందుగా చూసుకొనుట మంచిది.

నకలు తీసిన డిస్కు

విండోస్‌ను కొత్తగా స్థాపించుటకు మారుగా క్లోన్‌జిల్లా వంటి సాధనంతో పాత డిస్కును యథాతథంగా నకలు తీయవచ్చు. సి డ్రైవును మాత్రమే నకలు తీసి, పక్కనున్న చిన్న బూట్ విభాగాన్ని వదిలివేయడం ఇందులో సాధారణంగా జరిగే పొరపాటు. నకలు పూర్తయిన తరువాత మొదటిసారి బూట్ చేసేటప్పుడు పాత డిస్కును తీసివేయవలెను. రెండు డిస్కులకు ఒకే గుర్తుసంఖ్య ఉన్నప్పుడు విండోస్ ఒకదానిని పక్కన పెడుతుంది, లేదా తెలియకుండా పాతదాని నుండే లేస్తుంది. మూలము, గమ్యము తారుమారు చేస్తే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద పడుతుంది. అందువలన డిస్కుల మీది క్రమసంఖ్యలు కాగితంపై వ్రాసుకొని మరీ మొదలుపెట్టవలెను.

సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో 500 గిగాబైట్ల డిస్కు నకలుకు సుమారు గంటన్నర పడుతుంది, పాత యు.ఎస్.బి. 2 ద్వారా నాలుగు గంటలు దాటుతుంది. పల్లెలలో మధ్యలో కరెంటు పోవడం కొత్త కాదు, కనుక యు.పి.ఎస్. లేనిదే ఈ పనికి పూనుకొనరాదు.

పాత డిస్కులోని తెలుగు ఫైళ్ళు

తెలుగు వాడేవారికి ఇందులో ఒక ప్రత్యేక నష్టం పొంచి ఉన్నది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుండి ఉన్నా, ముద్రణారంగంలో అను వంటి పాత ఫాంట్లు, పేజ్‌మేకరు వంటి యూనికోడ్ ఎరుగని సాఫ్టువేర్లు చాలాకాలం నడిచాయి. ఆ ఫైళ్ళలో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, తెలుగు ఆకారాలు తొడుక్కున్న ఆంగ్ల సంకేతాలు. ఫైలును కొత్త డిస్కుకు చేర్చి ఫాంటును మరచితే తెరపై అర్థం లేని గుర్తులు కనబడతాయి. కనుక పత్రాలతోపాటు పాత డిస్కులోని విండోస్ ఫాంట్ల ఫోల్డరును, సాఫ్టువేరు స్థాపక ఫైళ్ళను కూడా తీసుకొనవలెను. వీలైనప్పుడు ముఖ్యమైన పాఠాలను యూనికోడ్‌కు మార్చుకొంటే ఫాంటుతో పని ఉండదు.

ఈ వ్యాసకర్తకు తెలిసిన ఒక గ్రామ పాఠశాలలో, కొత్త డిస్కు బూట్ కాలేదని మరమ్మతుకు వచ్చిన యువకుడు "పాతదానితో సరిచూద్దాం" అని పాత డిస్కును తగిలించి, విండోస్ స్థాపనలో పొరపాటున దానినే ఎంచుకొన్నాడు. పదకొండు సంవత్సరాల మార్కుల రిజిస్టర్లు అందులో ఉండేవి. కాగితపు ప్రతులు చెదలకు పోయినందున, టి.సి. నకలు కొరకు వచ్చే పూర్వ విద్యార్థులకు చూపడానికి ఆధారం లేకపోయింది.

పాత డిస్కును యు.ఎస్.బి. పెట్టె ద్వారా తగిలించినప్పుడు "ఫార్మాట్ చేయనా" అని విండోస్ అడిగితే వద్దనవలెను. టిక్కుటిక్కుమని శబ్దం వస్తుంటే పదే పదే ఆన్ చేయరాదు. చదువు తల పళ్ళేన్ని గీసే ప్రమాదం ఉన్నది. పోరాదనుకొన్న సమాచారం ఉంటే అక్కడితో ఆపి నిపుణులకు అప్పగించవలెను. బిట్‌లాకరు ఉన్న ల్యాప్‌టాపులకు 48 అంకెల రికవరీ సంఖ్య ముందే దగ్గర ఉంచుకొనవలెను.

స్థానిక పరిస్థితులు

జిన్నింగ్ మిల్లులలో గాలిలో తేలే దూది పీచు ఫ్యానులను చుట్టుకొని గాలిని ఆపుతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే రెంటచింతల వంటి చోట్ల దీని వలన డిస్కు వేడి మరింత పెరుగుతుంది. మిర్చి యార్డు పరిసరాలలోని కంప్యూటరును తెరిచేవారు ముక్కుకు గుడ్డ కట్టుకొని మెత్తని కుంచెతో దుమ్ము దులపవలెను. నోటితో ఊదితే ఘాటు కళ్ళలో పడటమేగాక తడి సాకెట్లలో చేరుతుంది. గుంటూరు మిర్చి యార్డుకు ఏటా వేసవి సెలవులు ఉంటాయి. కమిషన్ దుకాణదారులు డిస్కు మార్పిడిని ఆ రోజులకు వాయిదా వేసుకొని, పాత డిస్కుపై తేదీ వ్రాసి, కనీసం ఒక సీజను లెక్కలు ముగిసే వరకు దానిని బీరువాలో ఉంచవలెను.